పాసు చెల్లని దీవులు

ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో పొట్నూరు జగన్నాధం పద్దెనిమిదేళ్ళుగా పార్సిలు గుమస్తా. ఎండుచేపల తట్టలు, పొందూరు ఖద్దరు మూటలు, మామిడితాండ్ర బుట్టలు, పనసకాయలు... ఏది ఎక్కడికి పోవాలో చూసి, తూచి, చీటీ అంటించి పంపడం ఆయన పని. మూటకి కుట్టు వంకరగా ఉంటే వెనక్కి పంపేవాడు. చిరునామాలో ఒక అక్షరం అలుక్కుపోయినా వెనక్కి పంపేవాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆయన చెప్పుకోదగ్గ ఉద్యోగి కాడన్న సంగతి స్టేషనులో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప.

రైల్వేవాళ్ళకి ఏటా కొన్ని పాసులిస్తారు. వాటితో కుటుంబమంతా దేశంలో రైలున్న చోటికల్లా ఉచితంగా వెళ్ళిరావచ్చు. ఆ రోజుల్లో రైల్వే క్వార్టర్సులో మనిషి గొప్పతనం జీతంతో తేలేది కాదు, చూసొచ్చిన ఊళ్ళతో తేలేది. జగన్నాధం కాశీ చూశాడు, ద్వారక చూశాడు, హరిద్వారం చూశాడు. చూశాడంటే, వెళ్ళాడు. తిరిగొచ్చాక ఆయన చెప్పేదల్లా ఏ స్టేషనులో ప్లాటుఫారం ఎంత పొడుగు, ఎక్కడి పూరీలో ఉప్పెక్కువ, బండి ఎంత లేటు అన్నదే. గంగ ఎలా ఉందని ఎవరైనా అడిగితే, "ఉన్నాది. పెద్దదే," అనేవాడు.

ఆయనకి పోటీ గూడ్సు ఆఫీసులో పనిచేసే సత్యరాజు. సత్యరాజు బాప్టిస్టు చర్చిలో పాటల జట్టుకి పెద్ద. నెమ్మదైన మనిషి, మాట తక్కువ. జగన్నాధం దృష్టిలో ఆయనకున్న దుర్గుణం ఒక్కటే. ఎక్కడికెళ్ళినా ఒక స్టేషను ఎక్కువ వెళ్ళడం. జగన్నాధం ఢిల్లీ చూసొస్తే సత్యరాజు సిమ్లా చూసొచ్చాడు. జగన్నాధం రామేశ్వరంలో వెనక్కి తిరిగితే సత్యరాజు ధనుష్కోడి దాకా వెళ్ళాడు. సరే, ఈసారి మనమూ ధనుష్కోడి చూద్దామని జగన్నాధం అనుకుంటూండగా అరవై నాలుగు డిసెంబరులో తుఫానొచ్చి ఆ ఊరిని పట్టాలతో సహా తుడిచిపెట్టేసింది. పేపర్లో ఆ వార్త చదివి జగన్నాధం సగం అన్నంలో లేచిపోయాడు. పోయిన ప్రాణాల కోసం బాధపడుతున్నాడనుకుంది భార్య తాయారు. సత్యరాజు చూసిన స్టేషనుని ఇక లోకంలో ఎవరూ చూడలేరన్నది ఆయన బాధ.

ఆ బాధ మూడేళ్ళకి పైగా మోశాడు. అరవై ఎనిమిది ఫిబ్రవరిలో తాయారు తమ్ముడు చినబాబు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. చినబాబు అండమానులో, పోర్టుబ్లెయిరులో ఒక కర్రల మిల్లులో మేస్త్రీ. "అప్పా, బావనీ, అత్తనీ, పిల్లనీ తీసుకుని ఒక్కసారి రా," అని ఏటా రాస్తాడు. ఏటా ఆ ఉత్తరాన్ని చదివి గూట్లో పెట్టేసేవారు. ఈసారి జగన్నాధం దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఒసే తాయారూ, మీ తమ్ముడి కాడికి ఎల్దాం," అన్నాడు.

తాయారు చేటలో మినుములు చెరుగుతోంది. ఆమె జగన్నాధానికి మేనమామ కూతురు. చిన్నప్పట్నుంచీ ఆయన్ని ఎరుగున్న మనిషి కావడంతో వెంటనే తలెత్తలేదు. "ఆరేళ్ళ నుంచి రాస్తన్నాడు కదా బావా. ఇప్పుడేటి కొత్తగా?"

"అక్కడికి రైలు ఎల్దు."

"ఎల్దనే కదా ఇన్నాళ్ళూ నువ్వు ఊసెత్తనేదు."

"ఎల్దనే ఇప్పుడెల్దామంతన్నాను," అన్నాడు జగన్నాధం.

పాసు చెల్లని చోటికి, ఓడ టిక్కెట్టు సొంతంగా కొనుక్కుని, సెలవు పెట్టి, కుటుంబంతో విహారానికి వెళ్ళిన రైల్వే ఉద్యోగి ఆ క్వార్టర్సులోనే కాదు, పలాస నుంచి విజయనగరం దాకా లేడు. సత్యరాజుకి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన కాసేపు ఏమీ అనలేదు. ఆ కాసేపట్లోనే జగన్నాధానికి సగం ప్రయాణం పూర్తయినంత తృప్తి కలిగింది.

చుట్టాలు మాత్రం అండమాను అనగానే వేరేలా అర్థం చేసుకున్నారు. జగన్నాధం తల్లి లక్ష్మీనరసమ్మకి వరసకి చెల్లెలు ఒకావిడ నరసన్నపేట నుంచి బస్సులో ఏడ్చుకుంటూ వచ్చింది.

"మా జగ్గు ఏటి నేరం సేసినాడే అప్పా? ఎన్నేళ్ళేసారు?"

"ఇరవై అయిదు రోజులేనే," అంది లక్ష్మీనరసమ్మ. "ఆడే సెలవెట్టుకున్నాడు."

ఆవిడ ఏడుపు ఆపలేదు. తనంతట తాను వెళ్ళేవాడి కోసం ఇంకాస్త ఎక్కువ ఏడవాలనిపించినట్టుంది.

జగన్నాధం హైస్కూలు లైబ్రరీ నుంచి ఒక భూగోళం పుస్తకం తెచ్చాడు. అందులో పగడపు దిబ్బల మీద ఒకటిన్నర పేజీ ఉంది. "పగడపు దిబ్బలు మూడు రకములు," అని మొదలయ్యే ఆ పాఠం రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వల్లె వేసేవాడు. కూతురు ఈశ్వరికి పదమూడేళ్ళు. తను చదవాల్సిన పాఠం నాన్న చదువుతుంటే వినడం ఆ పిల్లకి బాగానే ఉంది.

ఏప్రిల్లో పిల్ల పరీక్షలయ్యాక బయల్దేరారు. మద్రాసు దాకా పాసు మీద మెయిల్లో వెళ్ళారు. అక్కణ్ణుంచి ఓడ, నాలుగు రోజుల ప్రయాణం. కింది అరలో, వరసగా బల్లలు బిగించిన పెద్ద హాలు. లక్ష్మీనరసమ్మ ఆవకాయ జాడీని కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. జగన్నాధం పొందూరు పంచె కట్టుకుని, ఓడలో ఎవరు ఎక్కడ సామాను పెట్టాలో చెప్పడం మొదలుపెట్టాడు.

ఓడ రేవు దాటాక ఆయనకి ఒక సంగతి అనుభవానికొచ్చింది. రైలు ఊగితే పక్కలకి ఊగుతుంది. ఓడ అన్ని వైపులకీ ఊగుతుంది. గంటలో ఆయన బల్ల మీద అడ్డంగా పడిపోయాడు. తాయారూ, ఈశ్వరీ పైకెళ్ళి ఎగిరే చేపల్ని చూసొచ్చారు. డెబ్బైకి దగ్గరపడ్డ లక్ష్మీనరసమ్మ కూడా వెళ్ళి చూసొచ్చింది.

పక్క బల్ల మీద గంగులు అని ఒక జాలరి ఉన్నాడు. కళింగపట్నం దగ్గర ఏదో పేట అతనిది. వలనూలు కట్టలు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. వాంతికీ వాంతికీ మధ్య కాస్త తెరిపి దొరికినప్పుడల్లా జగన్నాధం అతనికి అండమాను గురించి చెప్పేవాడు.

"అండమాను అంటే ఒక్క ఊరు కాదు. దీవుల గుంపు. అర్థమవుతన్నాదా?"

"అలాగా బాబూ."

"చుట్టూరా పగడపు దిబ్బలుంటాయి. అవి మూడు రకాలు."

"ఓహో."

మూడోరోజు మధ్యాహ్నం గంగులు నిమ్మకాయ కోసి ఉప్పద్ది ఇచ్చాడు. అది చప్పరించాక జగన్నాధానికి ప్రాణం లేచొచ్చి, మర్యాద గుర్తొచ్చింది.

"ఇంతకీ నువ్వేటి పని మీద ఎల్తన్నావు?"

"ఇంటికి బాబూ. పదకొండేళ్ళయింది, నాను అక్కడే ఉంతన్నాను. శంఖాలు ఏరే పడవ ఉన్నాది నాకు. అప్ప కూతురు పెళ్ళికని ఊరొచ్చినాను."

జగన్నాధం కాసేపు నిమ్మచెక్క కేసి చూశాడు. "ముందే సెప్పొచ్చు కదా."

"తమరు సెప్తన్నారు కదా, మజ్జిలో అడ్డమెందుకని," అన్నాడు గంగులు. అతని మాటలో వెటకారమేమీ లేదు. అదే జగన్నాధానికి మరీ కష్టంగా తోచింది.

పోర్టుబ్లెయిరు రేవులో చినబాబు పూలదండతో నిలబడ్డాడు. బజారులో నడుస్తూంటే జగన్నాధానికి ఉత్సాహం తగ్గిపోసాగింది. ఎక్కడో సముద్రం అవతల, ఎవరూ చూడని లోకానికి వచ్చానని ఆయన అనుకుంటుంటే, టీ కొట్టు దగ్గర టెక్కలి మాట, కూరగాయల దగ్గర సోంపేట మాట వినిపించాయి. బట్టల కొట్టు ముందు ఒకాయన ఆగి ఆయన మొహంలోకి చూశాడు.

"తమరు పార్సిలు బాబు కాదేటండీ?"

జగన్నాధం ఛాతీ పొంగింది. తన పేరు సముద్రం దాటిందన్నమాట.

"గోనెకి కుట్టు వంకరున్నాదని నన్ను మూడుసార్లు వెనక్కి తిప్పినారు," అన్నాడు ఆ మనిషి. "ఎండ్రొయ్యల మూట. ఆ రోజు నాకు బండి తప్పిపోయింది." ఆ తర్వాత అందర్నీ ఇంటికి పిలిచి భోజనం పెట్టాడు. మూట సంగతి మళ్ళీ ఎత్తలేదు. జగన్నాధం మాత్రం ఆ పూట సరిగ్గా తినలేదు.

మర్నాటి నుంచి దీవులు చూడటం మొదలైంది. మొదటిది రాస్ దీవి. తెల్లదొరలు వదిలేసిపోయిన బంగళాలూ చర్చీ చెట్ల వేళ్ళ మధ్య నలిగిపోతున్నాయి. జింకలు దగ్గరికొచ్చి ఈశ్వరి చేతిలో బిస్కట్టు తిన్నాయి. జగన్నాధం నడుం మీద చేతులు పెట్టుకుని అంతా ఒకసారి చూశాడు.

"కూలిపోయిన గోడలేగా. మన శాలిహుండంలో నేవేటి?"

రెండోది హేవలాకు. పొద్దున బయల్దేరిన లాంచీ మధ్యాహ్నానికి చేర్చింది. అంతసేపూ జగన్నాధం లాంచీ మధ్యలో స్తంభాన్ని పట్టుకునే ఉన్నాడు. అక్కడ తెల్లటి ఇసుక, వెనక కొబ్బరిచెట్లు, కాపురాలున్నవాళ్ళు బెంగాలు నుంచి వచ్చిన రైతులు. "ఇసకా కొబ్బరిచెట్లూ బారువలో నేవేటి?" అన్నాడు. ఇవన్నీ ఇంటి దగ్గరే ఉంటే బావ ఇంత దూరం ఎందుకొచ్చాడో చినబాబుకి అర్థం కాలేదు.

అక్కడి రైతులతో జగన్నాధం ఇంగ్లీషులో మాట్లాడాడు. వాళ్ళు తలలూపి నవ్వారు. ఇంకాస్త గట్టిగా మాట్లాడాడు. ఇంకాస్త నవ్వారు. ఈలోగా లక్ష్మీనరసమ్మ ఒక ఇంటి అరుగు మీద చతికిలబడి, ఆ ఇంటి కోడలితో పెసరపప్పు ధర దగ్గర్నుంచి పురిటి కష్టాల దాకా మాట్లాడేస్తోంది. ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం. వచ్చిన ఒరియా అంతా వాడేసింది. ఆ అమ్మాయి బెంగాలీలో జవాబు చెప్పింది. రెంటికీ అరటిపువ్వు కూరలో చుట్టరికం కుదిరింది. వెంట తెచ్చిన ఆవకాయ సగం అక్కడే ఖాళీ అయింది. బదులుగా ఒక అరటిగెల పడవెక్కింది.

"ఆళ్ళేటన్నారమ్మా?" అని అడిగాడు జగన్నాధం తిరిగొస్తూ.

"నీకు ఆకలేస్తన్నాదేటో, కేకలేస్తన్నావని అడిగినారు," అంది లక్ష్మీనరసమ్మ.

ఇక మిగిలింది పగడపు దిబ్బ. అసలు వచ్చిందే దాని కోసం. గంగులు తన పడవలో తీసుకెళ్తానన్నాడు. దక్షిణాన మనుషులెవరూ లేని చిన్న చిన్న దీవులున్నాయి. వాటి పక్కన నీళ్ళు తేటగా ఉంటాయి. అతని దగ్గర ఒక చెక్కపెట్టె ఉంది. అడుగున అద్దం బిగించి, చుట్టూ నీళ్ళు దూరకుండా కీలు పూసినది. దాన్ని నీళ్ళ మీద ఆనించి లోపలికి తల పెట్టి చూస్తే అడుగు కనపడుతుంది. శంఖాలు ఎక్కడున్నాయో చూడ్డానికి అతను చేసుకున్నది.

లాంచీ పెద్దది కాబట్టి జగన్నాధం అందులో స్తంభం పట్టుకుని నెగ్గుకొచ్చాడు. గంగులు పడవలో పట్టుకోవడానికి స్తంభం లేదు. నీళ్ళు జానెడు దూరంలో ఉన్నాయి. ఆయన పడవ మధ్యలో కూర్చుని, రెండు చేతులూ చాపి రెండు అంచులూ పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఏం బావా, కళ్ళు మూసుకున్నావు?" అంది తాయారు.

"గాలి కొడతన్నాది."

గాలి లేదు. నీళ్ళు నూనెలా ఉన్నాయి.

దిబ్బ దగ్గరికి రాగానే గంగులు పడవ ఆపి పెట్టె నీళ్ళ మీద పెట్టాడు. మొదట ఈశ్వరి తల దూర్చింది. చాలాసేపు తియ్యలేదు. తీశాక ఏమీ మాట్లాడకుండా తల్లి చెయ్యి పట్టి లాగింది. తాయారు చూసింది. ఆవిడా మాట్లాడలేదు. జగన్నాధాన్ని ఆ నిశ్శబ్దం భయపెట్టింది. పడవకి చిల్లు పడిందేమో, తనకి చెప్పడం లేదేమో అనుకుని కళ్ళు ఇంకాస్త గట్టిగా మూసుకున్నాడు. లక్ష్మీనరసమ్మ అయితే పెట్టె చాల్లేదంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, గంగులు చెయ్యి పట్టుకుని, మోకాటిలోతు నీళ్ళున్న చోట ఇసుక మీదికి దిగిపోయింది.

"నాన్నా, నువ్వు సూడు," అంది ఈశ్వరి.

"నాకు పైనుంచే కనపడతన్నాది," అన్నాడు జగన్నాధం, కళ్ళు మూసుకునే.

ఈశ్వరి పెట్టె పక్కకి తిప్పి తాయారుతో గుసగుసలాడటం ఆయనకి వినిపించింది. "అదిగో, అదిగో అమ్మా." ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. ఆయనకి కొంచెం చిన్నతనంగా అనిపించింది. అది పోగొట్టుకోవడానికి గుమస్తా గొంతు తెచ్చుకున్నాడు.

"గంగులూ, కొన్ని విరిచి తే. రంగులున్నవి. పెద్దవి."

గంగులు కదల్లేదు. "అది రాయి కాదు బాబూ. పేణమున్నది. నీళ్ళలోంచి తీస్తే సచ్చిపోద్ది. రంగు పోద్ది, కంపు కొడతాది."

"బావా, వద్దులే," అంది తాయారు. "ఉన్నకాడ ఉండనీ."

"పార్సిళ్ళ సంగతి నాకు సెప్తావేటి? ఏ సరుకు ఎలా కట్టాలో నాకు తెల్దేటి?"

గంగులు తాయారు కేసి చూశాడు. ఆవిడ మొహం తిప్పుకుంది. అతను నీళ్ళలోకి దిగాడు. గోనె నిండా ఎర్రవీ, ఊదావీ, పసుపువీ తెచ్చి పడవలో పెట్టాడు. ఆ గోనె తన కాలికి తగిలినప్పుడు జగన్నాధం ఒక్కసారి కళ్ళు తెరిచి చూశాడు. దీవుల్లో ఆయన కళ్ళారా చూసిన పగడం అదొక్కటే.

కాసేపటికి ఒడ్డున ఇసుక మీద దిగాక ఆయనకి మాట వచ్చింది. పగడపు దిబ్బలు మూడు రకములని అందరికీ మళ్ళీ వివరించాడు. తడిసిన చీరతో కూర్చున్న లక్ష్మీనరసమ్మ అరటిపండు తింటూ, "మూడేటిరా, నాను అంతకన్నా సానా సూసినాను," అంది.

గోనెకి కుట్టు జగన్నాధం స్వయంగా వేశాడు. వంకర లేకుండా, దగ్గర దగ్గరగా, రెండు వరసలు. చిరునామా చీటీ అంటించాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో అంత చక్కటి మూట ఆయన చేతి మీదుగా వెళ్ళలేదు.

తిరుగు ఓడలో రెండో రోజుకి వాసన మొదలైంది. మూడోరోజుకి ఓడ అధికారి ఒకాయన ముక్కుకి రుమాలు కట్టుకుని బల్లల కింద వెతుక్కుంటూ వచ్చాడు. ఎలుక చచ్చిందని అనుమానం. గోనె దగ్గర ఆగి, ఆ తర్వాత దాన్ని డెక్కు మీద ఒక మూలకి పంపించాడు. మద్రాసులో మెయిలెక్కాక ఆ మూట పుణ్యమా అని కొంత సుఖం దొరికింది. గూడూరులో నలుగురు దిగి వేరే పెట్టెకి మారారు. బెజవాడలో ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే దిగిపోయారు. ఏలూరు దాటేసరికి పెట్టెలో కుటుంబం తప్ప ఎవరూ లేరు. లక్ష్మీనరసమ్మ కాళ్ళు చాపుకుని పడుకుంది.

"ఏనాడూ ఇంత సోటు దొరకనేదు మనకి," అంది కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

ఆదివారం సాయంత్రం చర్చి అయ్యాక సత్యరాజు వస్తాడని తెలిసి, ఆ వేళకి క్వార్టర్సులో అందర్నీ పెరట్లోకి పిలిచాడు జగన్నాధం. కుర్చీలు వేయించాడు. వచ్చినవాళ్ళు గాలివాటు చూసుకుని కుర్చీలు జరుపుకున్నారు.

"మీరు ఇప్పుడు చూడబోయేది సముద్ర గర్భంలో పెరిగే పూలతోట," అన్నాడు జగన్నాధం, పుస్తకం భాషలో. "ఎరుపు, ఊదా, పసుపు. మన దేశంలో రైలెళ్ళే చోట ఎక్కడా దొరకదు."

కుట్టు కోసి గోనె బోర్లించాడు. బూడిదరంగు రాళ్ళు దొర్లాయి. కొన్నిటికి నాచు పట్టి నల్లబడింది. కొన్నిటి సందుల్లో ఏవో చిన్న పురుగులు చచ్చి ఎండిపోయాయి. వాసన ఒక్కసారిగా లేచేసరికి ముందు వరస కుర్చీలు వెనకవరస అయ్యాయి. ఎర్రటిదేమైనా అడుగున ఉందేమోనని జగన్నాధం గోనె దులిపాడు. కొంచెం ఇసుక రాలింది.

సత్యరాజు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. ఒక ముక్క తీసుకుని, తిప్పి చూసి, పద్ధతిగా కింద పెట్టాడు. "మా అత్తారి ఊళ్ళో సున్నంబట్టీ దగ్గర ఇలాటివి సూసాను," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. ఏదో ఒకటి అనకపోతే బాగుండదని అన్నాడు. "నీళ్ళలో ఉన్నప్పుడు ఎలా ఉంటాదండీ?"

"పగడపు దిబ్బలు మూడు రకములు," అని మొదలుపెట్టాడు జగన్నాధం. "ఒకటి, తీరమునంటి యుండునవి..."

"అది కాదండీ. మీరు చూసింది ఎలాగున్నాదని."

జగన్నాధం ఆగాడు. ఒకటిన్నర పేజీలో ఆ ప్రశ్నకి జవాబు లేదు. తాయారు కేసి చూశాడు. తాయారు నోరు తెరవబోయింది. అంతలో అరుగు మీంచి లక్ష్మీనరసమ్మ అందుకుంది.

"ఆణ్ణేటి అడుగుతారు బాబూ? ఆడు కళ్ళు మూసుకున్నాడు కదా. పడవలో కూకున్నప్పట్నుంచీ దిగేదాకా తెరవనేదు. నన్నడగండి."

పెరట్లో ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఆయనకి కాస్త తేలికయ్యేదేమో. అందరూ మెల్లగా కుర్చీలు తిప్పుకుని అరుగు వైపు కూర్చున్నారు. లక్ష్మీనరసమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఇచ్ఛాపురం సంతలో కూడా అన్ని రంగులు లేవంది. తన కాళ్ళ మధ్య నుంచి నీలం చేపలు గుంపుగా పోతూంటే చక్కిలిగింతలు పెట్టాయంది. ఒక చోట రాయి మీద చెయ్యి వేస్తే అది ముడుచుకుపోయిందంది. ఈశ్వరి పక్కన చేరి మర్చిపోయినవి అందించింది. చీకటి పడేదాకా ఎవరూ లేవలేదు. జగన్నాధం ఎప్పుడు లేచి వెళ్ళిపోయాడో ఎవరూ గమనించలేదు.

మర్నాడు పార్సిలు ఆఫీసులో ఆయన తలెత్తకుండా చీటీలు రాస్తూంటే సత్యరాజు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. దెప్పిపొడవడానికి వచ్చాడనుకున్నాడు జగన్నాధం.

"నేనైతే ఓడ ఎక్కలేనండీ," అన్నాడు సత్యరాజు. "నీళ్ళంటే నాకు పడదు. బాగా భయమేసిందేటి?"

జగన్నాధం కలం కింద పెట్టాడు. "ఏసింది," అన్నాడు.

సత్యరాజు తలూపి గూడ్సు వైపు వెళ్ళిపోయాడు. తమ ఇద్దరి మధ్యా ఊళ్ళ ప్రసక్తి లేకుండా మాట్లాడుకున్న మొదటి సంభాషణ అదేనని జగన్నాధానికి తర్వాత తోచింది.

పగడాలని తాయారు నూతి దగ్గర నాలుగు రోజులు కడిగి ఎండబెట్టింది. వాసన పోయాక ఒక ముక్కతో లక్ష్మీనరసమ్మ మడమలు రుద్దుకోవడం మొదలెట్టింది. అంత బాగా పనిచేసే రాయి ఈ జిల్లాలో లేదంది. క్వార్టర్సులో ఆడవాళ్ళు తలొక ముక్కా పట్టుకెళ్ళారు. అలా ఆ మూట, కట్టినప్పుడు ఉద్దేశించిన గౌరవంతో కాకపోయినా, ఇంటింటికీ చేరింది.

పది రోజులు జగన్నాధం దీవుల మాటెత్తలేదు. ఆ పది రోజుల్లో కుట్టు వంకరున్న మూటలు రెండు మూడు మెయిలెక్కిపోయాయని పోర్టర్లు చెప్పుకున్నారు. ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక తాయారు వంటింటి గుమ్మంలో చింతపండు గింజ తీస్తోంది. ఆయన వచ్చి పక్కన పీట వేసుకు కూర్చున్నాడు. తనూ ఒక పిక్క తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"తాయారూ. నువ్వు సూసినావు కదా. ఏటున్నాది అక్కడ?"

ఇంతకాలానికి ఈ మనిషి తనని ఏదైనా తెలుసుకోవడానికి అడిగాడా, లేక రేపు ఆఫీసులో చెప్పుకోవడానికి అడిగాడా అని తాయారు ఆయన మొహం చూసింది. రెండూ ఉన్నట్టు కనిపించింది. సరేలే అనుకుంది.

"ముందు నాకేటీ తెలవనేదు బావా. నీలంగా ఉన్నాది, అంతే. తర్వాత కళ్ళు అలవాటయ్యాయి. కోడిజుట్టు పూలుంటాయి కదా, అలాటివి, ఎర్రగా, ఒక గుట్ట. దాని పక్కన జింక కొమ్ముల్లాటివి, కొసలు ఊదాగా ఉన్నాయి. ఒకటి పనసకాయంత గుండ్రంగా ఉండి, దాని మీద వంకర్లు తిరిగిన గీతలున్నాయి. ఈశ్వరి దాన్ని ఎవరిదో బుర్ర అంది. ఇంకోటి పువ్వులాగున్నాది గానీ పువ్వు కాదు. నీళ్ళు కదిలినప్పుడల్లా రేకులు ఒక పక్కకి ఒరుగుతన్నాయి. దాన్లో రెండు చేపలు కాపురముంటన్నాయి."

"చేపలు పువ్వులోనా?"

"ఊఁ. నారింజరంగువి, తెల్ల పట్టీలు. ఏలెడు కూడా నేవు. ఒకటి లోపలే ఉన్నాది. ఒకటి పెట్టె కాడికొచ్చి, అద్దం అవతల నిలబడి నన్ను సూసింది. నాను కదల్నేదు. అదీ కదల్నేదు."

జగన్నాధం చేతిలోని పిక్కని గిన్నెలో వేశాడు.

"ఎంతసేపు ఆగింది?"

తాయారు ఆలోచించింది. "రెండు నిమిషాలుంటాది."

"రెండు నిమిషాలు," అన్నాడు జగన్నాధం. ఇంకో పిక్క తీసి, "మరి లోపలున్నది?" అని అడిగాడు.